పువ్వు మంచిదే... అమ్మా, మాత్ర మానకు!

పోయిన నెల ఇంటికెళ్తే అమ్మ ఓ గ్లాసు చేతికిచ్చింది. లోపల ఎర్రగా మెరిసిపోతోంది. ‘మందారం టీ రా. నిమ్మకాయ పిండా. యాంటీఆక్సిడెంట్లంట, రీల్‌లో చూశా’ అంది. బాగుందని తాగేశా. తర్వాత చూస్తే టీవీ పక్కన బీపీ మాత్రల షీటు. పది రోజులుగా ఒక్కటీ వేసుకోలేదు!

మిషన్ పెట్టి చూస్తే పై అంకె 168. పరుగున డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ‘ముందు మాత్ర మొదలెట్టమ్మా, టీ సంగతి తర్వాత చూద్దాం’ అన్నారాయన.

ఇంతకీ రీల్ చెప్పింది అబద్ధమా? పూర్తిగా కాదు. అక్కడే ఉంది తిరకాసు.

రంగులోనే గుట్టు

ఎరుపు, నీలం, ఊదా పూలకి ఎక్కువగా ఆ రంగులిచ్చేవి ఆంథోసయనిన్లు. శంఖుపూల టీలో నిమ్మరసం పిండితే నీలం కాస్తా ఊదాగా మారేది వీటివల్లే. గుమ్మడి పువ్వు పసుపుకి కెరోటినాయిడ్లు కారణం. ఇవి నూనెలో కరుగుతాయి. అందుకే కాస్త నూనెతో వండుకుంటే ఒంటికి బాగా పడతాయి. అరటిపువ్వు తరగగానే నల్లబడుతుంది కదా? అందులోని పాలీఫినాల్స్ గాలి తగిలి మారిపోవడమే అది. మజ్జిగలో వేస్తే ఆ పులుపు దాన్ని నెమ్మదింపజేస్తుంది. మన అమ్మమ్మలకి కెమిస్ట్రీ తెలియకపోయినా కిటుకు తెలుసు!

రీల్ ఎక్కడ తప్పింది?

బీపీ మీద జరిగిన పరిశోధనలు ఎక్కువగా ఎర్ర గోంగూర పూల కింద ఉండే పుల్లటి ఎర్రరేకుల మీద. పెరట్లో మందారం దాని చుట్టమే గానీ, అదీ ఇదీ ఒకటి కాదు. ఆ టీతో బీపీ కొంత తగ్గినట్టు తేలినా, అది మాత్రకి బదులు కాదు. పైగా పరీక్షనాళికలో చురుగ్గా పనిచేసినవన్నీ ఒంట్లోనూ అలాగే పనిచేస్తాయనుకోలేం. వీటిలో రక్తంలోకి చేరేది కొంచెమే.

తినే ముందు...

* దండల కోసం అమ్మే పూలు వద్దు. వాటిమీద పురుగుమందులు ఉండొచ్చు.
* గన్నేరు, ఉమ్మెత్త జోలికి అసలు వెళ్లొద్దు. రెండూ విషమే.
* పుప్పొడి పడనివాళ్లు, గర్భిణులు, రోజూ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడిగాకే తీసుకోండి.

ఇప్పుడు అమ్మ రోజూ పొద్దున్నే మాత్ర వేసుకుని, ఖాళీ అయిన గడి ఫొటో వాట్సాప్‌లో పెడుతుంది. నేనో మందార పువ్వు ఎమోజీ కొడతా. మీ ఇంట్లో కూడా ఓసారి ఆ షీటు చూడండి!