అగ్గిపుల్ల ఏల వెలుగదు? — ఏళాయిరంపన్నై ప్రాంతపు పరిశ్రమను గూర్చిన పరిశీలన

తమిళనాట విరుదునగర్ జిల్లాలో కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి పట్టణముల నడుమ నున్న ఊరు ఏళాయిరంపన్నై. ఈ చుట్టుపట్ల నేల నల్లరేగడి. దానిని తమిళులు కరిశల్ అందురు. శతాబ్దముల క్రిందట తెలుగునాటినుండి తరలివచ్చిన కుటుంబముల సంతతివారు పెక్కురు ఈ సీమలో నేటికిని ఇంట తెలుగే మాటలాడుదురు. కోవిల్‌పట్టి చేరువనున్న ఇడైసెవల్ గ్రామమున జన్మించిన కి. రాజనారాయణన్ (1923–2021) ఆ వలసకథనే ‘గోపల్ల గ్రామం’ అను తమిళ నవలకు వస్తువుగా గైకొనెను. వానను నమ్ముకొన్న సేద్యము ఏడాది పొడవునా కూడుపెట్టజాలని యీ సీమలో అనేక కుటుంబములకు ఆధారమైనది అగ్గిపెట్టెల పరిశ్రమ. ఆ పరిశ్రమ గౌరవమంతయు ఒక చిన్న విషయముపై నిలిచియున్నది: గీసిన పుల్ల వెలుగవలెను. వెలుగనియెడల దోషమెక్కడనున్నదో తెలియుట తయారుచేయువారికిని, వాడుకొనువారికిని గూడ అవసరము.

పరిశ్రమ పుట్టుక

శివకాశికి చెందిన పి. అయ్య నాడార్, ఎ. షణ్ముగ నాడార్ అను నిరువురు 1922లో కలకత్తాకు పోయి అగ్గిపుల్లల తయారీ నేర్చుకొని, మరుసటి యేట తమ యూర పరిశ్రమను నెలకొల్పిరి. క్రమముగా అది సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతములకును వ్యాపించెను. ఈ వృత్తికి ఇచటి పొడిగాలి గొప్ప వరము. మందులో ముంచిన పుల్ల గాలికి ఆరవలెను. పెట్టె ప్రక్కన పూసిన పూతయు ఆరవలెను. తేమయే ఈ పరిశ్రమకు ప్రథమ శత్రువు. కనుకనే అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనపు వానలు కురియునపుడు పని మందగించును.

నిప్పు ఎచట పుట్టును?

నిప్పంతయు పుల్లతలలోనే యున్నదని సామాన్యముగా తలంతురు. అది సరికాదు. పుల్లతలయందలి మందులో ముఖ్యమైనవి పొటాసియం క్లోరేటు, గంధకము, జిగురు, గాజుపొడి. పెట్టె ప్రక్కనున్న గరుకుపట్టీలో నుండునవి ఎఱ్ఱ భాస్వరము, గాజుపొడి, జిగురు మొదలగునవి. పుల్లను గీసినపుడు రాపిడివలన పుట్టిన వేడికి అణుమాత్రమైన ఎఱ్ఱ భాస్వరము తెల్ల భాస్వరముగ మారి గాలి తగిలినంతనే మండును. ఆ వేడికి క్లోరేటు విచ్ఛిన్నమై ప్రాణవాయువును విడుచును, గంధకము రగుల్కొనును. పుల్లకొనకు ముందే పట్టించిన పారఫిన్ మైనము కరగి ఆవిరియై మంటను కఱ్ఱకు అందించును. ఇట్లు భాస్వరము, మందు, మైనము, కఱ్ఱ అను నాలుగు మెట్లను నిప్పు వరుసగ ఎక్కవలెను.

ఎఱ్ఱ భాస్వరమును, క్లోరేటును వేరువేరుగ నుంచుటయే ఈ అగ్గిపెట్టెలోని కీలకము. ఆ రెండును పొడిగా కలిసినచో స్వల్పమైన ఒరపిడికే ప్రేలును. ఈ విభజనకు మార్గము చూపినవాడు స్వీడను దేశీయుడైన గుస్తావ్ ఎరిక్ పాష్. అతడు 1844లో దీనికి హక్కుపత్రము పొందెను. అంతకుమున్ను వాడుకలో నుండిన తెల్ల భాస్వరపు పుల్లలు ఎచట గీసినను వెలిగెడివి; కాని వానిని చేయు కార్మికుల దవడయెముకలు కుళ్లిపోయెడివి. భారతదేశమున వానిని 1913నాటి చట్టము నిషేధించెను.

దోషమును కనుగొను క్రమము

పుల్ల వెలుగనపుడు నిప్పు ఏ మెట్టున ఆగినదో చూడవలెను.

మొదటిది: గీసినను చిటపట లేదు, పొగ లేదు. ఇచట దోషము పట్టీదో, పుల్లదో తేల్చుటకు సులభమైన పరీక్ష కలదు. అదే పుల్లను క్రొత్త పెట్టెపై గీయవలెను. వెలిగినచో పుల్ల మంచిది, పాత పట్టీ అరిగినది లేక చెమ్మగిలినది. అచటను వెలుగనిచో మందు చెమ్మగిలినదని గ్రహింపవచ్చును. తడిచేతితో పట్టీని తాకుట, పెట్టెను నీటితొట్టి ప్రక్కనో, ఆవిరి తగులు చోటనో ఉంచుట ఇండ్లలో తఱచుగ జరుగు పొరపాట్లు.

రెండవది: గీసినంతనే మందు పొడియై రాలిపోవును. జిగురు పట్టు తప్పినదని దీని యర్థము. తయారీలో జిగురు చాలకపోయినను, ఆరుదల సరిగ లేకున్నను, తరువాత తేమ చేరినను ఇట్లగును. ఒకసారి మెత్తబడిన మందు మరల ఆరినను తొంటి గట్టిదనము పొందుట అరుదు.

మూడవది: మందు భగ్గున మండును గాని కఱ్ఱ అంటుకొనదు. ఇది మైనపు లోపము. పుల్లల చట్రమును కరగిన మైనములో తగినంత లోతున ముంచకున్నను, కఱ్ఱలో పచ్చి మిగిలినను మంట మూడవ మెట్టుననే ఆగును.

నాలుగవది: వెలిగిన పుల్ల వెంటనే ఆరిపోవును. పుల్లను నిలువుగ, తల పైకుండునట్లు పట్టినచో మంటకు క్రింది కఱ్ఱ అందదు; తలను కొంచెము క్రిందికి వంచి, గాలికి చేయి అడ్డుపెట్టినచో నిలుచును.

చెమ్మగిలిన పెట్టెను పొయ్యిపైనో, పెనముపైనో ఆరబెట్టుట మిక్కిలి ప్రమాదకరము. గాలి తగులు నీడపట్టున ఉంచుటయే మేలు.

గ్యాసుపొయ్యి వద్ద జాగ్రత్త

పుల్ల వెలుగకపోవుట అన్నివేళల స్వల్పవిషయము కాదు. వంటగ్యాసులోని ప్రొపేను, బ్యూటేను రెండును గాలికంటె బరువైనవి; వెలుపలికి వచ్చిన గ్యాసు నేలమట్టమున పేరుకొనును. మీటను ముందు త్రిప్పి, ఒక పుల్ల వెలుగలేదని రెండవదానిని, మూడవదానిని గీయుచు పోయినచో, చివరకు వెలిగిన పుల్ల గదినంతటిని మండింపగలదు. కావున ముందు పుల్ల వెలిగించి, పిమ్మట మీట త్రిప్పవలెను. పొయ్యి అంటుకొననిచో తక్షణమే మీట కట్టి, తలుపులు తెఱచి, గ్యాసు వాసన పూర్తిగ పోయిన తరువాతనే మరల ప్రయత్నింపవలెను. శీతలదేశములలో ప్రొపేనుతో ఇల్లు వెచ్చజేయు యంత్రములును ఈ నియమమునే పాటించును: నిర్ణీత వ్యవధిలో మంట పుట్టనిచో గ్యాసు ద్వారము తనంతట మూసికొనును. యంత్రము చేయు ఆ పనిని పుల్ల గీయువాడు తన చేతితో చేయవలెను.

నేటి స్థితి

పదునాలుగేండ్లు ఒక రూపాయిగ నిలిచిన అగ్గిపెట్టె ధర 2021 డిసెంబరు 1 నుండి రెండు రూపాయలైనది. చవుకైన లైటర్లు పోటీకి రాగా, ఇరువది రూపాయలకు లోబడిన వాని దిగుమతిని కేంద్రప్రభుత్వము 2023 జూనులో నిషేధించెను. ఇట్టి రక్షణ కొంతవఱకే తోడ్పడును. కొన్నవాడు మరల కొనుట పుల్ల తొలిగీతకే వెలుగుటపై ఆధారపడియున్నది. పెట్టెలలో పుల్లలు నింపు స్త్రీల కూలియు ఆ నమ్మకముపైననే నిలిచియున్నది. చట్రము ముంచుటలోని లోతు, మందులోని జిగురు పాలు, ఆరబెట్టుటలోని ఓర్పు, ఈ మూడింటిలో ఏ యొక్కటి తప్పినను దూరదేశపు వంటయింట ఒక పుల్ల వెలుగక మిగులును; దానితోపాటు ఆ నమ్మకమును కొంత తఱుగును.