పోలెండు అంగళ్లలో వస్తుపరీక్ష

చదువులకును, ఉద్యోగములకును పోలెండు దేశమునకు వెళ్లు తెలుగువారు నేడు కలరు. తిరిగివచ్చునపుడు అచటి చేతిపని వస్తువొకటి ఇంటికి తేవలెనని వారికి తోచుట సహజము. అట్టివారు “వెల యెంత?” అని అడుగుటకు ముందు, “దీనిని ఎవరు, ఎట్లు చేసిరి?” అని విచారించుట మేలు. ఈ దృష్టితో మూడు వస్తువులను పరిశీలింతము.

మొదటిది బొలెస్వావియెత్స్ పట్టణపు మట్టిపాత్ర. స్పాంజిని చిన్న అచ్చుగా కోసి, రంగులో ముంచి, పాత్రపై ఒక్కొక్క గుర్తునే చేతితో అద్దుదురు. మన బందరు కలంకారీలో చెక్క అచ్చు చేయు పని అక్కడ స్పాంజి చేయుచున్నది. నీలిరంగు నెమలికన్ను అందు ప్రసిద్ధమైన గుర్తు. చేతి అద్దకము గనుక గుర్తుల నడుమ ఎడము కొంచెము మారును. దానిని లోపముగా ఎంచి బేరమాడరాదు; చేతిపని యనుటకు అదియే సాక్ష్యము. పాత్రను తిప్పి అడుగున తయారీదారు ముద్రను చూడవలెను.

రెండవది తృణమణి. బాల్టిక్ తీరమున, గ్దాన్‌స్క్ నగరమందలి మారియాత్స్కా వీథి దీని అంగళ్లకు పేరుపొందినది. కోట్ల సంవత్సరములనాటి చెట్టుబంక గట్టిపడి ఈ మణి ఏర్పడినది. రుద్దినచో గడ్డిపరకను ఆకర్షించును గనుక మన భాషలో దానికి ఆ పేరు కలిగినది. కాని ఈ పరీక్షను నమ్మరాదు. ప్లాస్టిక్కు సయితము పరకను లాగును. ఉప్పు దట్టముగా కరిగిన నీటిలో విడిపూస మునిగినచో అది తృణమణి కాదు. అట్లని తేలినదెల్ల తృణమణియు కాదు; కొన్ని ప్లాస్టిక్కులును, లేత గుగ్గిలమును తేలును. చిన్న ముక్కలను వేడిచేసి అదిమి చేసిన పూసయు తేలును. కనుక సహజమణియా, అదిమి చేసినదా అనుమాటను రసీదుపై వ్రాయించుకొనవలెను.

మూడవది కుర్చీ. 1962లో యూజెఫ్ హ్యెరోఫ్‌స్కి రూపొందించిన 366వ నంబరు కుర్చీ ఆనాటి పోలెండు ఇండ్లలో విరివిగా ఉండెడిది. నేడు ఆ నమూనాను మరల చేయుచున్నారు. పాతవానిని పాతసామాను సంతలలో వెదకుదురు. పాతదానికి గుడ్డ మార్చి యుండవచ్చును గాని చెక్క నాటిదే కావలెను. కుర్చీని తలక్రిందుచేసి కీళ్లు కదలుచున్నవేమో చూడవలెను. మిక్కిలి పాతవియు, విలువైనవియునగు కళావస్తువులను దేశము దాటించుటకు ప్రభుత్వానుమతి అవసరము కావచ్చును; సొమ్ము చెల్లించుటకు ముందే అడిగి తెలిసికొనవలెను.

నకిలీ సరకు అసలు పేరుతో అమ్ముడైనచో నష్టము కొన్నవానితో ఆగదు. రోజంతయు కూర్చుండి అచ్చు అద్దువారికి ఆ మేరకు పని తగ్గును. తిప్పి చూచుటకును, అడుగుటకును మనము వెచ్చించు నాలుగు నిమిషములు వారి కూలిని నిలుపును.