స్కర్టు పొట్టిదైందా, పిల్ల పొడుగైందా?

విదర్భలో బడులు మిగతా మహారాష్ట్ర కన్నా ఆలస్యంగా, ఎండలు కాస్త తగ్గాక జూన్ ఆఖరులో తెరుచుకుంటాయి. అహేరి, ఆలాపల్లి, సిరొంచ వైపు తెలుగిళ్లలో అప్పటి నుంచే ఒక మాట మొదలవుతుంది: "ఆ స్కర్టేంది, అంత పొట్టిగ?" ఇంట్లో తల్లి అంటుంది. బడిలో మేడం అంటుంది. దారిలో ఏ సంబంధమూ లేని మనిషి కూడా అంటాడు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, పక్క బెంచీలో మాడియా గోండి. భాష ఏదైనా ఈ మాట మాత్రం ఒకటే. పన్నెండు నుంచి పదహారేళ్ల మధ్య, మారుతున్న ఒంటికి తానే ఇంకా అలవాటుపడని పిల్ల దీన్ని ఏడాదంతా వింటుంది. ఈ మాటకు ఆధారమైన నమ్మకాలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తే నిలబడేవి చాలా తక్కువ.

అపోహ: పిల్లే కావాలని స్కర్టు పొట్టి చేసుకుంటోంది.

వాస్తవం: నడుము దగ్గర ఒక మడత పెట్టుకునే పిల్లలు ఉంటారు, కాదనను. కానీ ఎక్కువ ఇళ్లలో జరిగేది వేరు. ఆడపిల్లలు అన్నిటికన్నా వేగంగా పొడుగయ్యేది దాదాపు పదకొండు, పన్నెండేళ్ల వయసులో. ఆ ఏడాది ఎనిమిది సెంటీమీటర్ల దాకా పెరగడం మామూలే. ఆ పెరుగుదల ఒళ్లంతా ఒకేసారి రాదు. ముందు కాళ్లు సాగుతాయి, మొండెం తర్వాత అందుకుంటుంది. అందుకే ఆరేడు తరగతుల పిల్లలు కొన్నాళ్లు కాళ్లే కాళ్లుగా కనబడతారు. అదే సమయంలో తుంటి వెడల్పవుతుంది. నడుము నుంచి వేలాడే స్కర్టు తుంటి మీద ఎత్తుగా నిలిచి, కింది అంచు ఇంకొంచెం పైకి పోతుంది. నూలు కలిసిన గుడ్డయితే మొదటి ఉతుకుల్లోనే నూటికి మూడు నుంచి ఐదు వంతులు ముడుచుకుపోవచ్చు. యాభై ఐదు సెంటీమీటర్ల స్కర్టుకు ఇదొక్కటే దాదాపు రెండు సెంటీమీటర్లు.

ఇవన్నీ కలిపి చూడండి. జూన్‌లో మోకాలు కప్పిన స్కర్టు ఫిబ్రవరికి రెండంగుళాలు పైకి చేరుతుంది. పిల్ల చేసిందేమీ లేదు, పెరిగింది అంతే. అక్క వదిలేసిన స్కర్టు చెల్లెలికి దిగే ఇళ్లలో కథ ఇంకా ముందే మొదలవుతుంది.

దీనికి డబ్బు లెక్క కూడా తోడవుతుంది. సమగ్ర శిక్షా పథకం ఎనిమిదో తరగతి దాకా సర్కారు బడి పిల్లకు ఏడాదికి రెండు జతల కోసం ఇచ్చేది 600 రూపాయలు. అంటే జతకు 300. చొక్కా, స్కర్టు, గుండీలు, కుట్టుకూలి అన్నీ అందులోనే. అంత సొమ్ములో అంచు లోపల నాలుగు వేళ్ల గుడ్డ మడిచి పెట్టే దర్జీ ఎక్కడ దొరుకుతాడు? ఏడాది తిరక్కముందే పొట్టిదయ్యే స్కర్టును కుట్టించి ఇచ్చింది పెద్దవాళ్లు. మాట పడేది పిల్ల.

అపోహ: మోకాళ్లు కనబడటం మన సంస్కృతి కాదు.

వాస్తవం: ఈ మాట ఇంకెక్కడైనా అనొచ్చునేమో గానీ, ప్రాణహిత ఒడ్డున అనడానికి నోరెలా వస్తుంది? భామ్రాగఢ్, ఏటాపల్లి వైపు మాడియా అవ్వలు మోకాలి దాకా బిగించి కట్టిన బట్టతోనే అడవికి పోయారు, పొలానికి పోయారు, సంతకు వచ్చారు. మన తెలుగు ఆడవాళ్లు వరినాట్లప్పుడు చీర మోకాలిపైకి ఎగదోపి బురదలో దిగుతారు. గోచీ పోసి కట్టిన చీరలో పిక్కలు కనబడతాయి. వాళ్లను చూసి సంస్కృతి చెడిందని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా.

యూనిఫాం చరిత్ర చూసినా అంతే. ఒకప్పుడు తెలుగునాట హైస్కూలు ఆడపిల్లలకు లంగా ఓణీయే బడి బట్ట. తర్వాత స్కర్టు, ఆ తర్వాత పంజాబీ డ్రెస్సు వచ్చాయి. ఓణీలో నడుము కనబడేది, అయినా అది పద్ధతైన బట్టే. స్కర్టులో మోకాలు కనబడితే పద్ధతి తప్పినట్టు! ఏ కాలంలో ఏది కనబడొచ్చన్నది ఆ కాలపు పెద్దలు పెట్టుకున్న అలవాటు. అలవాటుకు గౌరవం ఇవ్వొచ్చు. దాన్ని సనాతన ధర్మంలా పిల్ల నెత్తిన పెట్టడం అన్యాయం.

అపోహ: పొడుగు బట్ట వేస్తే పిల్ల భద్రంగా ఉంటుంది.

వాస్తవం: తల్లిదండ్రుల్లో ఎక్కువమంది మనసులో ఉన్న అసలు భయం ఇదే. భయం నిజమైనదే గనక జాగ్రత్తగా మాట్లాడాలి. జాతీయ నేర నమోదు సంస్థ నివేదికల్లో ఏటా కనబడేది ఒకటే: అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. బంధువు, పొరుగింటివాడు, స్నేహితుడు, నమ్మిన మనిషి. దారినపోయేవాడు స్కర్టు చూసి వెంటపడతాడన్న ఊహ మీద మన జాగ్రత్తంతా ఖర్చు పెడితే, ఇంటికి వచ్చిపోయేవాణ్ని కనిపెట్టుకునే కన్ను ఉండదు.

పొట్టి స్కర్టు వేసుకున్నందుకే ఇలా అయిందని నమ్మిన ఇంట్లో పిల్ల నోరు విప్పదు. తనకేదైనా జరిగితే ముందు తన బట్టల గురించే అడుగుతారని ఆమెకు ముందే తెలుసు. నేరం చేసినవాడికి ఇంతకన్నా కావాల్సిందేముంది?

2012 నాటి పోక్సో చట్టం పిల్లలపై లైంగిక నేరం గురించి తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పితీరాలంటుంది. చెప్పకుండా దాచడం కూడా శిక్షార్హమే. ఇది హెడ్‌మాస్టరుకూ, హాస్టలు వార్డెనుకూ వర్తిస్తుంది. ఆశ్రమశాలలు ఇన్ని ఉన్న గడ్చిరోలి జిల్లాలో రాత్రి ఆడపిల్లల హాస్టల్లో మహిళా వార్డెను ఉందా, మరుగుదొడ్డికి గడియ ఉందా, దారిలో దీపం వెలుగుతోందా అని అడిగే తండ్రి పిల్లను నిజంగా కాపాడుతున్నట్టు. 1098 నంబరు పిల్లకు నోటికి రావాలి. స్కర్టు అంచు కిందికి దించినంత మాత్రాన ఈ పనుల్లో ఒక్కటీ కాదు.

అపోహ: గేటు దగ్గర నిలబెట్టి కొలిస్తేనే క్రమశిక్షణ వస్తుంది.

వాస్తవం: హైదరాబాద్ బేగంపేటలోని సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాల 2019లో ఈ పని చేసి చూసింది. కుర్తీ మోకాలి కిందికి ఉండాలని నియమం పెట్టారు. గేటు దగ్గర కాపలా మహిళలు వచ్చిన ప్రతి అమ్మాయి కుర్తీ పొడుగునూ పరీక్షించారు. సరిపోనివాళ్లను లోపలికి పోనివ్వలేదు. దాని వీడియో బయటికొచ్చింది. సెప్టెంబరులో విద్యార్థినులు కళాశాల ముందే నిరసనకు కూర్చున్నారు, యాజమాన్యం నియమాన్ని వెనక్కి తీసుకుంది. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు అంగుళం గుడ్డ కోసం పాఠాలు పోగొట్టుకున్నారు. క్రమశిక్షణ ఎవరికొచ్చింది?

అంతకు రెండేళ్ల ముందు, 2017 సెప్టెంబరులో, హైదరాబాద్ శివారు రామచంద్రాపురంలో ఒక ప్రైవేటు బడి ఇంకా ఘోరం చేసింది. యూనిఫాం వేసుకురాలేదని పదకొండేళ్ల పిల్లను మగపిల్లల మూత్రశాలలో నిలబెట్టారు. ఉతికిన బట్ట ఆరలేదన్న కారణం ఆమె డైరీలో తల్లిదండ్రులు రాసి పంపారు కూడా. ఆ పిల్ల మళ్లీ బడికి పోనని ఏడ్చింది. అది విన్న ఏ తల్లికైనా కడుపు తరుక్కుపోయింది.

విద్యా హక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. పదిమంది ముందు నిలబెట్టి స్కర్టు కొలవడం, దాని మీద వ్యాఖ్య చేయడం అందులోకే వస్తాయి. బడికి యూనిఫాం నియమం పెట్టే అధికారం ఉంది. పిల్లను సిగ్గుపడేలా చేసే అధికారం లేదు. చెప్పాల్సి వస్తే ఒక టీచరమ్మ పక్కకు పిలిచి, తలుపు వేసి, ఒక్కసారి చెబితే చాలు. వీలైతే ఆ మాట తల్లికి చెప్పాలి, పిల్లకు కాదు. ఎందుకంటే దర్జీ దగ్గరికి వెళ్లేది తల్లి.

అపోహ: స్కర్టు తీసేసి పంజాబీ డ్రెస్సు పెడితే గొడవే ఉండదు.

వాస్తవం: బేగంపేటలో కొలిచింది స్కర్టును కాదు, కుర్తీనే. పంజాబీ డ్రెస్సు వచ్చాక పక్క చీలిక ఎంత ఎత్తుందని, చున్నీకి పిన్ను పెట్టిందా లేదా అని, లెగ్గింగు బిగుతైందని కొత్త మాటలు మొదలవుతాయి. కొలిచే కళ్లు మారనంతకాలం ఏ బట్టా చాలదు.

అయినా బట్ట ఎంపిక ముఖ్యమే, వేరే కారణానికి. మన పిల్ల పొద్దున్నే ఏం చేస్తుందో చూడండి. సైకిలు తొక్కుతుంది. మానవ్ వికాస్ మిషన్ కింద ఆడపిల్లల కోసం నడిచే నీలం రంగు ఎస్టీ (రాష్ట్ర రవాణా) బస్సు ఎత్తు మెట్లెక్కుతుంది. నేలమీద కూర్చుని మధ్యాహ్నం భోజనం తింటుంది. కబడ్డీ ఆడుతుంది. నెలసరి రోజుల్లో మరక పడిందేమోనని వెనక్కి తిరిగి చూసుకుంటుంది. తెల్ల స్కర్టు, తెల్ల సల్వారు ఆ రోజుల్లో ఎంత శిక్షో ఆడవాళ్లందరికీ తెలుసు, అయినా కొన్ని బడుల్లో శనివారం తెల్లబట్ట ఇంకా నడుస్తూనే ఉంది. కింది బట్ట ముదురు రంగులో, తేలిగ్గా, కదలడానికి వీలుగా ఉండాలి. స్కర్టయితే లోపల నిక్కరు వేసుకునేంత వదులుండాలి. పొడుగు ఎంతన్న ప్రశ్న వీటన్నిటి తర్వాతే వస్తుంది.

కేరళలో పెరుంబావూరు దగ్గర వలయన్‌చిరంగర ప్రాథమిక పాఠశాల 2018 ప్రాంతంలోనే ఆడామగా తేడా లేకుండా అందరికీ మోకాలి కిందికుండే నిక్కరు, చొక్కా పెట్టింది. ఆడపిల్లలు పరుగెత్తడానికి బాగుందన్నారు. 2021 డిసెంబరులో కోళిక్కోడు జిల్లా బాలుశ్శేరి ప్రభుత్వ బాలికల హయ్యర్ సెకండరీ ప్యాంటు, చొక్కా తెచ్చినప్పుడు కొన్ని సంఘాలు నిరసన తెలిపాయి, పిల్లలు మాత్రం ఇష్టంగానే తొడుక్కున్నారు. అమెరికాలోని నార్త్ కరొలైనాలో ఒక చార్టర్ బడి ఆడపిల్లలు స్కర్టే వేయాలని పట్టుబడితే పిల్లలు కోర్టుకెళ్లారు. స్కర్టుతో ఆటల్లో దిగలేకపోతున్నామని, ఎలా కూర్చోవాలో అని రోజంతా జాగ్రత్త పడాల్సొస్తోందని చెప్పారు. 2022 జూన్‌లో అప్పీళ్ల కోర్టు ఆ నియమం రాజ్యాంగ విరుద్ధమంది. అక్కడ స్కర్టు వద్దనే హక్కు కోసం పోరాటం, ఇక్కడ స్కర్టు పొట్టిదని నింద. రెండుచోట్లా ఆ పిల్ల రోజు ఎలా గడుస్తుందో అడగకుండానే పెద్దలు నియమం రాశారు.

అపోహ: మగపిల్లలకు ఈ బాధ లేదు.

వాస్తవం: తక్కువ, అంతే. 2017 జూన్ వడగాల్పుల్లో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో ఒక బడి నిక్కర్లు ఒప్పుకోకపోతే పదుల మంది మగపిల్లలు స్కర్టులు వేసుకునొచ్చారు. మన దగ్గర మీసాలొస్తున్న పిల్లాడు పొట్టి నిక్కరులో పడే ఇబ్బంది ఎవరూ పట్టించుకోరు.

అపోహ: యూనిఫాం సర్కారు ఇచ్చేది. అందులో మనం చెప్పేదేముంది?

వాస్తవం: చాలా ఉంది. మహారాష్ట్ర 2024-25లో రాష్ట్రమంతా ఒకే యూనిఫాం అంటూ గుడ్డ పైనుంచే కొని, కుట్టు పని మహిళా పొదుపు సంఘాలకు ఇచ్చింది. ఎన్నో చోట్ల నెలల తరబడి బట్ట రాలేదు. వచ్చినవి కొలతలకు కుదరలేదని, కుట్టు బాగాలేదని ఫిర్యాదులు వెల్లువెత్తాయి. చివరికి 2024 డిసెంబరులో ప్రభుత్వం వెనక్కి తగ్గి, 2025-26 నుంచి కొనుగోలును మళ్లీ పాఠశాల యాజమాన్య కమిటీలకే అప్పగించింది. కొలవకుండా కుట్టిన స్కర్టు ఎవరికి పొడుగో, ఎవరికి పొట్టో ముందే చెప్పొచ్చు. నది దాటితే తెలంగాణలోనూ కుట్టేది మహిళా సంఘాలే. 2024లో వాళ్ల కుట్టుకూలి జతకు 50 నుంచి 75 రూపాయలైంది. కూలి పెరగడం మంచిదే, చేతి కొలతకు ఆ కూలి ఇంకా చాలదు.

విద్యా హక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లుండాలి. సర్కారు బడికీ, ఎయిడెడ్ బడికీ ఇది వర్తిస్తుంది. మీటింగు మరాఠీలో జరుగుతుందని వెనక కూర్చునే తెలుగు తల్లులు ముందుకు రావాలి. తెలుగులోనే చెప్పండి, అర్థం చేసుకునేవాళ్లు ఈ తాలూకాల్లో ప్రతి బడిలోనూ ఉంటారు. ఆర్డరు ఇవ్వకముందే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. తరగతిని బట్టి కాకుండా పిల్లను బట్టి కొలత తీయాలి. ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా అంచు లోపల కనీసం మూడంగుళాల గుడ్డ మడిచి కుట్టాలి. నడుము పట్టీలో ఎలాస్టిక్ గానీ, రెండు వరసల హుక్కులు గానీ ఉండాలి. గుడ్డను ముందే నీళ్లలో తడిపి ఆరబెట్టాకే కత్తిరించాలి. పొడుగు గురించి నియమం రాసేటప్పుడు ఆ తరగతి ఆడపిల్లలు ఇద్దరు ముగ్గుర్ని కూర్చోబెట్టుకుని రాయాలి.

సంక్రాంతి నాటికి అంచు కుట్టు విప్పి ఒక వరస వదిలితే మిగతా ఏడాది గడిచిపోతుంది. ఆ పని ఇంట్లో తండ్రికైనా వస్తుంది. సూదీ దారమూ ఉంటే అరగంట పట్టదు.