మీకు తెలుసా? వెంటిలేటర్ లెక్క పొడవుతోనే!

వెంటిలేటర్ మీదున్న పేషెంటుకు ఒక్కో ఊపిరికి ఎంత గాలి పంపాలి? బరువును బట్టి అనుకుంటాం. కాదు, పొడవును బట్టి. ఒళ్ళు పెరిగినంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు కదా! 165 సెంటీమీటర్ల మగవాడు 60 కిలోలున్నా, 100 కిలోలున్నా డాక్టర్లు లెక్కలోకి తీసుకునే బరువు సుమారు 61.5 కిలోలే. కిలోకు 6 మిల్లీలీటర్ల చొప్పున ఊపిరికి 370 మిల్లీలీటర్లు. అందుకే ఐసీయూలో స్పృహ లేని మనిషి పక్కన కూడా టేపు పట్టుకుని నిలబడతారు.

ఈ ‘6’ ఊరికే రాలేదు. న్యుమోనియా, సెప్సిస్ లాంటివి ముదిరి ఊపిరితిత్తుల్లో నీరు చేరే స్థితిని ఏఆర్‌డీఎస్ అంటారు. అందులో గాలి ఆడే భాగం కొంచెమే మిగులుతుంది. ఒకప్పుడు కిలోకు 10 నుంచి 15 మిల్లీలీటర్లు పంపేవారు. ఆ గాలంతా మిగిలిన కాస్త చోట్లోకే దూరి, దాన్ని సాగదీసి పాడుచేసేది. అమెరికాలో 861 మందిపై చేసిన అధ్యయనం 2000లో వెలువడింది. కిలోకు 12 మిల్లీలీటర్లు ఇచ్చినవారిలో 39.8 శాతం మంది చనిపోగా, 6 ఇచ్చినవారిలో 31 శాతమే. తేడా తేటతెల్లం కావడంతో అధ్యయనాన్ని ముందే ఆపేశారు.

అసలు విచిత్రం ఇంకోటుంది. మొదటి రోజుల్లో రక్తంలో ఆక్సిజన్ మెరుగ్గా కనిపించింది ఎక్కువ గాలి అందుకున్నవాళ్ళలోనే! ఆ అంకె చూసి మురిసిపోయి ఉంటే వైద్యం ఇప్పటికీ తప్పుదారిలోనే ఉండేది.

బోర్లా పడుకోబెట్టడం సంగతి కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ తెలిసింది. కానీ వెంటిలేటర్ మీదున్న తీవ్రమైన ఏఆర్‌డీఎస్ రోగులకు దాని బలం 2013లోనే తేలింది. విడతకు కనీసం 16 గంటలు బోర్లా ఉంచితే 28 రోజుల్లోపు మరణాలు 32.8 శాతం నుంచి 16 శాతానికి దిగాయి. వీపు వైపు నొక్కుకుపోయిన భాగాలు మళ్ళీ తెరుచుకోవడం ఇందుకు ఒక కారణం. గొట్టాలు ఊడకుండా మనిషిని తిప్పడానికి నలుగురైదుగురు కావాలి, అదే కష్టం.

మీవాళ్ళను ఐసీయూలో అలా తిప్పి పడుకోబెడితే కంగారు పడకండి. ‘ఇంకాస్త గాలి పెంచండి డాక్టరుగారూ’ అని మాత్రం ఒత్తిడి చేయకండి.