బీటలను అదుపులో పెట్టిన బొమ్మ

ఇటలీలోని సిసిలీ దీవిలో గిబెల్లినా అనే ఊరు 1968 జనవరి భూకంపానికి నేలమట్టమైంది. బతికినవాళ్లకు కొత్త ఊరు వేరేచోట కట్టారు. పాత ఊరి శిథిలాలను చిత్రకారుడు అల్బెర్తో బుర్రి తెల్ల కాంక్రీటుతో కప్పించాడు. 1984లో మొదలై మధ్యలో ఆగిన ఆ పని 2015లో పూర్తయింది. ఇంచుమించు మనిషి ఎత్తు దిమ్మెలు, వాటి మధ్య పాత వీధులను తలపించే సందులు. పైనుంచి చూస్తే అచ్చం మండువేసవిలో మన చెరువే. నీళ్లింకి, అడుగంతా నెర్రెలు బాసినట్టు ఉంటుంది.

అంతకుముందు 1970లలో బుర్రి ఇదే పనిని బల్లల మీద చేశాడు. జింకు తెలుపు పొడిని పాలివినైల్ ఎసిటేట్ జిగురుతో కలిపేవాడు. మన వడ్రంగులు వాడే ఫెవికాల్ ఆ జాతి జిగురే. ఆ ముద్దను బల్ల మీద మందంగా పరిచి ఆరనిచ్చేవాడు. బీటలు వాటంతటవే పడేవి. ఆ బొమ్మలకు ఆయన పెట్టిన పేరు కూడా ‘బీటలు’ అనే అర్థమున్న ఇటాలియన్ మాటే, ‘క్రెట్టి’.

రంగుతో పాటు ఇసుక, కాగితం, గుడ్డ, పొట్టు కలిపి వేసే బొమ్మలను మిక్స్‌డ్ మీడియా అంటున్నాం. వాటి గరుకుదనం చేతిలో సగమే ఉంటుంది. మిగతా సగం ఆరేటప్పుడు తేలుతుంది.

ముద్దలో ఉండేవి పొడి, జిగురు, నీరు. నీరు ఆవిరైతే ముద్ద కుంచించుకోవాలి. కింది బల్ల మాత్రం కుంచించుకోదు, పైపొరను పట్టుకుని వదలదు. పొర లోపలికి లాగుతుంది, బల్ల పోనివ్వదు. ఆ లాగుడు పొర బలాన్ని మించిన చోట బీట పడుతుంది. పల్చటి పొరలో పోగయ్యే శక్తి బీటను తెరవడానికి చాలదు. మందం ఒక హద్దు దాటితే చాలుతుంది. మందం పెరిగేకొద్దీ బీటకూ బీటకూ మధ్య ఎడమూ పెరుగుతుంది.

నమ్మకం కలగకపోతే మొక్కజొన్న పిండిని నీళ్లలో జారుగా కలిపి, కాస్త ఏటవాలుగా పెట్టిన పళ్లెంలో పోసి, రెండు మూడు రోజులు కదపకుండా ఉంచండి. పల్చగా ఉన్న వైపు చిన్న పెంకులు, మందంగా ఉన్న వైపు పెద్ద పెంకులు లేస్తాయి.

బీటలు అక్కర్లేని చిత్రకారుడి ముందు మూడు దారులున్నాయి. మొదటిది, కుంచించుకోని గింజను కలపడం. 1912 ప్రాంతంలో చిత్రకారుడు జార్జ్ బ్రాక్ రంగులో ఇసుక, రంపపు పొట్టు కలిపాడు. ఆయన తండ్రి ఇళ్లకు రంగులు వేసే పనివాడు, ఆ పనిలోని కిటుకులు కొడుక్కీ వచ్చు. తర్వాత స్పెయిన్‌లో ఆంటోని తాపియెస్ పాలరాతి పొడి వాడి, కాన్వాసును పాతగోడలా మార్చాడు. ఇసుక రేణువులు ఒకదానికొకటి ఆనుకుని నిలబడతాయి గనుక ముద్ద అంతగా కుంచించుకోదు. అయితే ఇసుక మరీ ఎక్కువైతే రేణువుల మధ్య సందులు నింపడానికి జిగురు చాలక, చేయి తగిలితే రాలిపోతుంది.

రెండోది, పీచు. మట్టిగోడ పెట్టేవాళ్లు మట్టిలో గడ్డి వేసి తొక్కేది ఎందుకు? బీట మొదలైన చోట గడ్డిపోచ రెండు అంచులనూ పట్టి ఉంచుతుంది. బొమ్మలో పల్చటి గుడ్డ, కాగితం చేసే పనీ అదే. సిద్దిపేట జిల్లా చేర్యాలలో రంపపు పొట్టును చింతగింజల జిగురుతో కలిపి మాస్కులు చేస్తారు. పొట్టు అక్కడ గింజా అవుతుంది, పీచూ అవుతుంది.

మూడోది, ఓపిక. ఒకేసారి మందంగా పట్టించకుండా, పల్చటి పూత మీద అది ఆరాక మరో పూత వేయడం. చుట్టి పెట్టుకునే చేర్యాల పటానికి ముందుగా గుడ్డ మీద సుద్ద, గంజి, చింతగింజల జిగురు పట్టిస్తారు. ఆ పూత మందమైతే పటం చుట్టగానే పెళుసుగా విరుగుతుంది.

ఇక అన్ని రంగులూ ఒకే తీరున ఆరవు. అక్రిలిక్‌లో మైక్రాన్ కంటే చిన్న ప్లాస్టిక్ రేణువులు నీళ్లలో తేలుతుంటాయి. రంగు కలపని అక్రిలిక్ ముద్ద పాలలా తెల్లగా ఉండేది అందుకే. నీరు పోగానే రేణువులు ఒకదానికొకటి ఒత్తుకుని అతుక్కుంటాయి, తెలుపు పోయి పొర పారదర్శకం అవుతుంది. అవిసెనూనె రంగు దారి వేరు. అది నీటిని వదిలి ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. కాబట్టి ఆ దశలో బరువు తగ్గకపోగా పెరుగుతుంది. మందంగా వేస్తే లోపలిదాకా గట్టిపడటానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. అందుకే ఆరిన అక్రిలిక్ మీద నూనెరంగు వేయవచ్చుగానీ, నూనెరంగు మీద అక్రిలిక్ వేయకూడదు. జిడ్డుమీద దానికి పట్టు దొరకదు, కింది పొర కదలికా ఆగి ఉండదు. కొన్నాళ్లకు పైది పొలుసులుగా లేస్తుంది.

ఇంత శ్రమపడి చేసిన గరుకును ఎదురుగా ట్యూబులైటు పెట్టి చూస్తే సగం కనిపించదు. కంటికి తెలిసేది ఎత్తుపల్లాల నీడే. పాత చిత్రాలను బాగుచేసే నిపుణులు పొర ఎక్కడ లేచిందో పట్టుకోవడానికి దీపాన్ని పక్కనుంచి, చిత్రానికి దాదాపు సమాంతరంగా పెట్టి చూస్తారు.

బుర్రి ఈ మూడు దారుల్లోనూ వెళ్లలేదు. బీటలను రానిచ్చి, దగ్గరుండి కనిపెట్టుకుని చూశాడు. తనకు కావలసినంత తెరుచుకోగానే పైన మళ్లీ జిగురు పోసి ఆపేసేవాడు. బీటలు వేసింది నీరు. ఇక చాలు అన్న మాట ఒక్కటే ఆయనది.