ఎఫ్8 నొక్కితే లేచే నల్ల తెర

1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీ ఫ్లాపీలోంచి డాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించుకుని, తెర మీద ఒక అక్షరం, దాని పక్కన ఒక గుర్తు పెట్టి, మనం ఏం టైపు చేస్తామా అని ఎదురుచూసేది. ఆ డాస్‌కు మూలం 1980లో సియాటిల్‌లో టిమ్ ప్యాటర్సన్ రాసిన ప్రోగ్రాము. అప్పట్లో కమాండ్ లైన్ అంటే మరమ్మతు సాధనం కాదు, కంప్యూటరు వాడకమంతా అదే.

మరమ్మతు అవసరం తరవాత పడింది. మౌస్, సౌండ్ కార్డు, సీడీ డ్రైవు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. వాటి డ్రైవర్ల పేర్లు కాన్ఫిగ్.సిస్ అనే ఫైల్లో వరసగా రాసి ఉండేవి. కంప్యూటరు లేస్తూనే దాన్ని పైనుంచి కిందికి చదువుకుంటూ పోయేది. ఒక్క వరస తేడా చేసినా అక్కడే బిగుసుకుపోయే ప్రమాదం. తప్పు దిద్దాలంటే ఫైలు తెరవాలి, ఫైలు తెరవాలంటే కంప్యూటరు లేవాలి. పెట్టె తాళంచెవి పెట్టెలోనే ఉండిపోయినట్టు! అందుకే విడిగా ఒక బూట్ ఫ్లాపీ దాచుకోవాల్సి వచ్చేది.

1993లో ఎంఎస్-డాస్ 6 ఈ ముడి విప్పింది. లేచేటప్పుడు ఎఫ్5 నొక్కితే ఆ ఫైలు జోలికే పోదు. ఎఫ్8 నొక్కితే ఒక్కో వరస దగ్గర ఆగి, చెయ్యమంటారా వద్దా అని అడుగుతుంది. దేనికి అవునన్నాక బిగుసుకుందో తప్పు అక్కడ దొరుకుతుంది. ఇంత తేలికైన, ఇంత పనికొచ్చే ఆలోచన కంప్యూటర్ల చరిత్రలో అరుదని నా అభిప్రాయం.

విండోస్ 95కూ ఎఫ్8 వారసత్వంగా వచ్చింది. ఎక్స్‌పీ నాటికి అడుగున డాస్ లేకుండా పోయింది. సేఫ్ మోడ్‌లో కమాండ్ ప్రాంప్ట్ ఎంచుకుంటే కనిపించే నల్ల కిటికీని చాలామంది డాస్ అనుకుంటారు గానీ, అక్కడ లేచేది విండోసే. తప్పనిసరి డ్రైవర్లు కొన్నే వెంట తెచ్చుకుని, డెస్క్‌టాప్‌కు బదులు కమాండ్ కిటికీ తెరుస్తుంది.

2012లో విండోస్ 8 ఎంత వేగంగా లేచేదంటే, ఎఫ్8 నొక్కడానికి సెకనులో ఐదో వంతు కూడా మిగల్లేదు. దాంతో, వరసగా లేవలేకపోతే తనంతట తానే మరమ్మతు మెనూ చూపించే పద్ధతి ముందుకొచ్చింది.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు ఫైలుతో దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు కూలబడ్డాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆ రోజు హైదరాబాద్‌లో విమానం ఎక్కిన కొందరి చేతికి పెన్నుతో రాసిన బోర్డింగ్ పాసులు వచ్చాయి. పూర్తిగా లేవని యంత్రానికి దూరంనుంచి మందు వెయ్యడం కష్టం. మనిషి దాని ముందు కూర్చోవాలి. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల తాళంచెవి కొట్టాలి. ఆపైన సేఫ్ మోడ్‌లోనో, మరమ్మతు మెనూలోని నల్ల తెర మీదో తప్పు ఫైలున్న ఫోల్డరుకు వెళ్లి, ఆ ఒక్క ఫైలును తుడిచెయ్యాలి. నల్ల తెర మీద ఆ ఫైలు ఉందో లేదో చూడటానికి టైపు చెయ్యాల్సిన మాట ‘డిర్’. 1981 నాటి ఫ్లాపీ డాస్‌లోనూ ఆ పనికి అదే మాట.