ఊపిరికి చేయూత

ఆయాసానికి మందు డాక్టరు రాస్తారు. ఆ మందు సరిగ్గా పనిచేయాలంటే మాత్రం పక్కనున్నవాళ్లకి కొన్ని సంగతులు తెలియాలి.

రాత్రి రెండు దాటింది. ముందుగదిలో పడుకున్న తాతయ్యకి మెలకువ వచ్చేసింది. దగ్గు... ఆ వెంటే ఆయాసం, ఛాతీలో పిల్లికూతలు. ఇంటిల్లిపాదీ లేచారు. 'కాసేపు పడుకోండి నాన్నా, సర్దుకుంటుంది' అంటూ కొడుకు ఆయన్ని వెనక్కి వాల్చబోయాడు. 'ఏమైంది తాతయ్యా' అని మనవరాలు అడుగుతూనే ఉంది. ఆయన మాత్రం జవాబు చెప్పలేక, మంచంపట్టె పట్టుకుని ముందుకు వంగి కూర్చుండిపోయారు.

నిజానికి ఆ గదిలో సరైన పని చేసింది ఆయనొక్కరే!

ఉబ్బసం, సీఓపీడీ... జబ్బు పేరు ఏదైనా, చలికాలంలో చాలా ఇళ్లలో కనిపించే దృశ్యమిది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నర్సు కనిపెట్టుకుని ఉంటుంది. ఇంటికొచ్చాక ఆ పని ఇంట్లోవాళ్లదే. అందులో చాలా భాగం నేర్చుకుంటే వచ్చేదే.

ముందు కూర్చోబెట్టండి

వెల్లకిలా పడుకుంటే పొట్టలోని అవయవాలు పైకి జరిగి ఊపిరితిత్తుల కింది పొర కదలికకు అడ్డుపడతాయి. అందుకే ఆయాసం వచ్చినప్పుడు కూర్చోబెట్టి, ఎదురుగా బల్లమీద దిండు వేసి, దానిమీద చేతులు ఆనించి కాస్త ముందుకు వంగమనాలి. బిగుతు దుస్తులు వదులుచేయాలి. చుట్టూ మూగకుండా ఒక్కరే పక్కన కూర్చోవాలి. ప్రశ్నలు వేయకూడదు. తల ఊపితే సరిపోయేలా 'నీళ్లు కావాలా?' అనడం వేరు, 'ఎలా ఉంది, ఎప్పుడు మొదలైంది?' అని ఆరాతీయడం వేరు.

సీఓపీడీలో లోపలికి వెళ్లిన గాలి పూర్తిగా బయటికి రాదు. పాత గాలి పోకపోతే కొత్త గాలికి చోటెక్కడిది? ముక్కుతో రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఈల వేస్తున్నట్టు పెదాలు ముడిచి నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు వదిలితే చిన్న శ్వాసనాళాలు వెంటనే మూసుకుపోకుండా ఉంటాయి. నోటితో చెబితే ఆ క్షణంలో అర్థంకాదు. ఎదురుగా కూర్చుని మీరు చేసి చూపించండి, ఆయన అనుసరిస్తారు.

పీల్చడమూ ఓ విద్యే

'ఇన్‌హేలర్ వాడుతున్నా తగ్గట్లేదు' అనేవాళ్లు ముందు చూసుకోవాల్సింది అది వాడే పద్ధతి. నొక్కితే మందు వచ్చే రకాన్ని బాగా కదిపి, ఊపిరి వదిలి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూ నొక్కాలి. లోతుగా పీల్చాక పది అంకెల దాకా ఊపిరి బిగబట్టాలి. అది కుదరని పెద్దవాళ్లకీ పిల్లలకీ స్పేసర్ మేలు. పొడి పీల్చే రకానికి నెమ్మది పనికిరాదు, బలంగా పీల్చాలి. స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ వాడాక నోరు పుక్కిలించకపోతే నోట్లో తెల్లటి పూత వస్తుంది.

ఆవిరి విషయంలోనూ జాగ్రత్త. ఉబ్బసానికి అది మందు కాదు. వేడినీళ్లు ఒలికి పిల్లలు కాలే ప్రమాదమూ ఉంది.

ఆక్సిజన్ ఎక్కువైతే...

2020లో కరోనా వచ్చాక పల్స్ ఆక్సీమీటర్ చాలా ఇళ్లకి చేరింది. ఆ చిన్న యంత్రం మీద 90 కనిపిస్తే కంగారుపడి ఆక్సిజన్ పెంచేయాలనిపిస్తుంది. అయితే సీఓపీడీ ముదిరినవాళ్లలో చాలామందికి డాక్టర్లు పెట్టే లక్ష్యమే 88 నుంచి 92. వాళ్లకి అవసరానికి మించి ఆక్సిజన్ ఇస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకుని మగత కమ్ముతుంది. 'హమ్మయ్య, నిద్రపట్టింది' అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. ఆ నిద్ర ప్రాణాంతకం కావచ్చు! అందుకే డాక్టరు చెప్పకుండా ఆక్సిజన్ పెంచకూడదు, నిద్రమాత్ర ఇవ్వకూడదు. ఆక్సిజన్ ఉన్న గదిలో దీపం, అగరుబత్తి, సిగరెట్ ఏవీ వెలిగించకూడదు.

గదిలో గాలి సంగతీ చూడాలి. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో నర్సింగ్ గురించి రాసిన పుస్తకంలో మొదటి అధ్యాయమే గాలి, వెచ్చదనం గురించి. రోగికి చలి తగలకుండా గదిలోకి మంచిగాలి రానివ్వాలన్నది అందులోని సారం. కట్టెలపొయ్యి పొగ, దోమలచుట్ట పొగ ఆ గదికి దూరంగా ఉండాలి.

లెక్క తప్పొద్దు

పెద్దవాళ్లు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. లెక్కపెడుతున్నట్టు చెప్పకుండా నిమిషం పాటు పొట్ట కదలిక చూడండి. ఆ అంకెనీ, కళ్లె రంగునీ ఓ పుస్తకంలో రాసిపెడితే డాక్టరుకి ఎంతో ఉపయోగం. భోజనం కడుపునిండా ఒకేసారి కాకుండా కొద్దికొద్దిగా పెట్టాలి.

ఒక్క వాక్యం పూర్తిచేయలేకపోయినా, పెదాలు, గోళ్లు నీలంగా మారినా, మాట తడబడినా, మగతగా ఉన్నా, ఇన్‌హేలర్‌తో ఉపశమనం లేకపోయినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. ఆయాసం తగ్గకుండానే పిల్లికూతలు ఆగిపోతే అది మంచి గుర్తు కాదు, గాలి ఆడటమే తగ్గిపోతోందని అర్థం.

మళ్లీ ఆ ముందుగదిలోకి వెళ్దాం. ఈసారి కొడుకు తండ్రిని వాల్చడు. దిండు తెచ్చి బల్లమీద వేస్తాడు. కోడలు ఇన్‌హేలర్‌కి స్పేసర్ తగిలిస్తుంది. మనవరాలు ఎదురుగా కూర్చుని పెదాలు ముడుస్తుంది... ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఊపిరి ఉంటే ఉప్పమ్ముకుని బతకొచ్చంటారు పెద్దలు. ఆ ఊపిరిని నిలబెట్టడంలో ఇంట్లోవాళ్లకీ వాటా ఉంది.